అంతరిక్ష స్మారక కవర్లు : సాక్ష్యమెంత, సరకెంత?

తపాలా కవరును చేతిలోనికి తీసికొని చూచినచో దానిమీద ముఖ్యముగా మూడు వస్తువులు కనబడును. మొదటిది బిళ్ళ, రెండవది ఎడమవైపున అచ్చొత్తిన బొమ్మ, మూడవది తపాలా ముద్ర. ప్రభుత్వము దేనిని గౌరవింపదలచెనో బిళ్ళ చెప్పును. అచ్చువేయించినవాని ఊహ ఎట్టిదో బొమ్మ చెప్పును. ముద్ర మాత్రము ఒక ఊరి పేరును, ఒక దినమును చెప్పును. చరిత్రకు సాక్ష్యముగా నిలువదగినది ఈ మూడవదియే. అయినను అంతరిక్షయాత్రల స్మారక కవర్లను సేకరించువారిలో పలువురు బొమ్మను చూచి మురిసి, బిళ్ళను చూచి వెలకట్టి, ముద్రను కడపట చూచుచున్నారు. ఈ వరుసను తిరుగవేయవలెననుటయే ఈ విమర్శ యొక్క ఉద్దేశము.

విజ్ఞాన పత్రికలో తపాలా కవర్ల ప్రసక్తి ఏల యని కొందరడుగవచ్చును. శ్రీకాకుళము, విజయనగరము వంటి జిల్లాల ఉన్నత పాఠశాలలలో రాకెట్టును చూపుట కష్టము. ఉపగ్రహమును చూపుట అసాధ్యము. కవరును మాత్రము బల్లమీద పెట్టి చూపవచ్చును. దానిని భూతద్దముతో పరీక్షించి, "ఇది చెప్పునది నిజమేనా?" యని విద్యార్థిచేత ప్రశ్నింపజేయవచ్చును. ప్రశ్నించుట నేర్పినచో కవరు విజ్ఞానసాధనమగును. నేర్పనిచో అది రంగుకాగితముగా మిగిలిపోవును.

బిళ్ళలు ఎప్పుడు మాటాడును?

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియను మొదటి స్పుత్నిక్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టెను. దాని బొమ్మగల సోవియట్ బిళ్ళ నవంబరు 5వ తేదీన గాని వెలువడలేదు. రాకెట్టు శాస్త్రమునకు పునాదులు వేసిన జియోల్కోవ్‌స్కీ శతజయంతి బిళ్ళ మాత్రము ప్రయోగమైన మూడవ నాడే, అక్టోబరు 7న విడుదలయ్యెను. ఆ బిళ్ళమీదనే "4-10-57, ప్రపంచపు మొదటి కృత్రిమ ఉపగ్రహము" అను అర్థమిచ్చు మాటలను అదనముగా ముద్రించి నవంబరు చివర మరల విడుదల చేసిరి. అచ్చుమీద పడిన ఆ రెండవ అచ్చును చూచినచో, అంతటి సంఘటనను తపాలావారు ముందుగా ఎరుగరనియు, ఉన్న బిళ్ళను ఉన్నట్లే వాడుకొనిరనియు తెలియును. ఇట్టి బిళ్ళ పలుకు సాక్ష్యము అందమైన రంగులలో దొరకదు.

అమెరికావారు వేరొక పద్ధతి నవలంబించిరి. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ భూమిని మూడుసార్లు చుట్టి సముద్రములో దిగెను. ఆయన క్షేమముగా దిగిన వెంటనే, అదే దినమున, 4 సెంట్ల "ప్రాజెక్టు మెర్క్యురీ" బిళ్ళ మూడువందలకు పైగా తపాలా కార్యాలయములలో అమ్మకమునకు వచ్చెను. దానిని ముందే రహస్యముగా ముద్రించి, సీలువేసిన పొట్లములలో పంపియుండిరి. ఆజ్ఞ వచ్చువరకు పొట్లము విప్పరాదు. యాత్ర విఫలమైయున్నచో ఆ బిళ్ళను లోకము చూచియుండెడిది కాదు. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. కాని సేకరించువాడు ఒక్క సంగతిని గుర్తుంచుకొనవలెను. బిళ్ళ విజయము తరువాతనే మాటాడును. అపజయమును గూర్చి అది పలుకదు. కావున బిళ్ళలను మాత్రమే పేర్చి అంతరిక్ష చరిత్రయని పేరుపెట్టినచో అది విజయముల పట్టిక యగునే గాని చరిత్ర కానేరదు.

మన దేశపు రాకెట్టు టపా

అంతరిక్షయుగమునకు రెండు దశాబ్దములకు మునుపే రాకెట్టులో జాబులు పంపిన వ్యక్తి మన దేశమున నుండెను. కలకత్తాలో నివసించిన స్టీఫెన్ హెచ్. స్మిత్ 1934 సెప్టెంబరు 30న ఓడమీదినుండి సాగరద్వీపమువైపు జాబులతో ఒక రాకెట్టును ప్రయోగించెను. అది గాలిలోనే పేలిపోయినది. చెల్లాచెదరైన జాబులను ఏరుకొనవలసివచ్చెను. ఆయన వెనుదీయలేదు. 1935లో సిక్కింలో నదిమీదుగా చిన్న పొట్లములను పంపెను. అదే సంవత్సరమున దామోదర నదిమీదుగా ఒక కోడిపుంజును, ఒక పెట్టను రాకెట్టులో పంపగా అవి బ్రతికి బయటపడినవి. 1944 వరకు ఆయన జరిపిన ప్రయోగములు సుమారు 270. మన తపాలాశాఖ 1992లో ఆయన స్మారకముగా ఒక బిళ్ళను విడుదల చేసెను.

స్మిత్ కవర్లు అంతరిక్షమునకు పోలేదు. నదిని దాటినవి, అంతే. అయినను అవి నేటి అనేక రంగుల కవర్లకంటె విలువగలవి. ఏలయన అవి ప్రయోగములో పాల్గొన్నవి. రాకెట్టు పేలినచో వాటి అంచులు కాలినవి, నీటబడినచో తడిసినవి. ప్రయోగఫలితమును తమ శరీరముమీదనే వ్రాసికొనినవి.

మూడు తరగతుల కవర్లు

సేకరించువారు "అంతరిక్ష కవరు" అను ఒక్క పేరుతో పిలుచువాటిలో నిజమునకు మూడు తరగతులు గలవు. వీటిని కలిపివేయుటవలననే మోసములకు తావు కలుగుచున్నది.

మొదటి తరగతివి జ్ఞాపికలు. బిళ్ళ విడుదలైన నాడు గాని, సంఘటన జరిగిన నాడు గాని ఏదో యొక తపాలా కార్యాలయమున ముద్ర వేయించుకొన్న కవర్లివి. ప్రథమదిన కవర్లు ఈ తరగతిలోనివే. వీటికి రాకెట్టుతో ఏ సంబంధమును లేదు. తేదీతో మాత్రము సంబంధము కలదు.

రెండవ తరగతివి స్థలసాక్షులు. ప్రయోగకేంద్రము నందలి తపాలా కార్యాలయమునుండి గాని, వ్యోమగాములను సముద్రమునుండి ఎత్తుకొన్న నౌకలోని తపాలా కార్యాలయమునుండి గాని ముద్రపడిన కవర్లివి. 1969 జూలై 24న అపోలో-11 వ్యోమగాములను ఎత్తుకొన్న హార్నెట్ అను యుద్ధనౌకలో ముద్రపడిన కవరు ఇందుకు ఉదాహరణము. ఆ కవరు చంద్రుని చేరలేదు. కాని చంద్రునినుండి వచ్చినవారు అడుగుపెట్టిన ఓడలో అది ఆనాడు ఉండినది. 1960 దశకపు ఇట్టి నౌకాముద్రలను నకిలీగా తయారుచేసి అమ్మినట్లు తరువాత బయటపడెను. కావున ఈ తరగతిలో జాగ్రత్త ఎక్కువ అవసరము.

మూడవ తరగతివి యాత్రికులు. అనగా వ్యోమనౌకలో నిజముగా ప్రయాణించినవి. 1969 జనవరిలో సోయుజ్-5 నుండి సోయుజ్-4 లోనికి అంతరిక్షనడకతో మారిన ఇద్దరు వ్యోమగాములు, అందులోనున్న తమ సహచరునికి భూమినుండి తెచ్చిన జాబులను అందించిరి. ఒక మనుష్యుడు మరియొక మనుష్యునికి కక్ష్యలో జాబు అందించుట అదియే మొదలు.

ఈ మూడవ తరగతి కవర్లు ఏల అరుదో విద్యార్థులు లెక్కగట్టి చూడవచ్చును. అపోలో యాత్రలకు వాడిన సాటర్న్-5 రాకెట్టు నేలవిడుచునప్పటి బరువు సుమారు 2,900 టన్నులు. అందులో చంద్రునివైపు సాగిపోయినది సుమారు 45 టన్నులు. అనగా చంద్రునివైపు పోవు ప్రతి గ్రామునకు రాకెట్టులో అరువదికి పైగా గ్రాములు కావలెను. కవరు 5 గ్రాములున్నదనుకొన్నచో దానిని పంపుటకు నేలమీద 300 గ్రాములకు పైగా లోహమును, ఇంధనమును సిద్ధపరుపవలెను. మన ఊరిలో ఎర్రడబ్బాలో పడవేసిన జాబునకు తపాలాఖర్చు ఎంతయో, దీనికెంతయో పోల్చిచూచినచో రాకెట్టు శాస్త్రములోని ముఖ్యసమస్య ఒక్క కవరుతోనే బోధపడును.

ముద్రకూడ పొరపడునా?

ముద్రయే సాక్ష్యమని పైన చెప్పితిమి. అయితే సాక్షిని గూడ అడ్డుప్రశ్న వేయవలెను. అపోలో-11 వ్యోమగాములు తమతో ఒక కవరును, ఒక ముద్రను తీసికొనిపోయిరి. చంద్రునిమీద పనుల ఒత్తిడిలో ముద్రవేయుటకు వీలుచిక్కలేదు. తిరుగుప్రయాణములో 24వ తేదీన దానిని వేసిరి. ముద్రలోని తేదీ మాత్రము చంద్రునిమీద దిగిన జూలై 20గానే యున్నది. ఇందులో మోసమేమియు లేదు. అయినను ముద్రను మాత్రమే నమ్మినవాడు, ఆ కవరుమీద చంద్రతలముననే ముద్రపడినదని పొరపడును. ముద్రకు తోడు ఆనాటి వ్రాతలను, సంభాషణలను పరిశీలించినవానికి మాత్రమే నిజము తెలియును.

దీనికి భిన్నమైనది 1971 ఆగస్టు 2న జరిగినది. అపోలో-15 నాయకుడు డేవిడ్ స్కాట్ చంద్రతలముమీద నిలిచి, టెలివిజను కెమేరా ఎదుట, ఆనాడే విడుదలైన బిళ్ళలుగల కవరుమీద ముద్రవేసెను. స్థలము, కాలము, మనుష్యుడు, ముద్ర నాలుగును ఒక్కచోట కలిసిన కవరు అది. సాక్ష్యమన్నచో అట్లుండవలెను.

దాచిపెట్టిన నాలుగు వందలు

విచారకరమైన సంగతి యేమనగా, ఆ యాత్రలోనే కవర్ల చరిత్రకు మాయని మచ్చ యొకటి ఏర్పడినది. అనుమతిపొందిన కవర్లుగాక, అనుమతి లేనివి 398 కవర్లు గూడ ఆ వ్యోమనౌకలో చంద్రునివరకు పోయి వచ్చినవి. వాటిలో 100 కవర్లు తరువాత జర్మనీలోని ఒక బిళ్ళల వర్తకుని చేరినవి. అతడు ఒక్కొక్క దానిని 4,850 మార్కులకు అమ్మెను. వ్యోమగాములు మువ్వురికిని తలా 7,000 డాలర్లు ముట్టునట్లు ఏర్పాటు జరిగియుండెను. సంగతి 1972లో బయటపడెను. సొమ్మును వ్యోమగాములు తిరస్కరించిరి. అయినను నాసా సంస్థ వారిని మందలించి, యాత్రికుల జట్టులనుండి తప్పించెను. మిగిలిన కవర్లను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. వ్యోమగాములలో నొకరు న్యాయస్థానమునకు పోగా, 1983లో అవి వారికి తిరిగి చేరినవి.

ఈ కథను చెప్పుట వ్యోమగాములను నిందించుటకు గాదు. వారు సాహసికులు, ఆ యాత్రలో వారు చేసిన శాస్త్రీయకృషి గొప్పది. చంద్రుని పుట్టుకనాటి పైపొరకు చెందినదని భావింపబడిన తెల్లని రాతిని తెచ్చినది ఆ యాత్రయే. విచారింపవలసిన విషయము వేరు. రాతిని గూర్చి ఎరుగనివారు గూడ కవర్ల కథను ఎరుగుదురు. అరుదైన వస్తువునకు వెలకట్టు అలవాటు, తెలిసికొనదగిన విషయమును మరుగుపరచినది. సేకరణ అను అభిరుచికి ఇదియే పెద్ద జబ్బు.

ఒకే నౌకలో రెండు బరువులు

1983 ఆగస్టు 30న చాలెంజర్ అను అమెరికా వ్యోమనౌక, ఎనిమిదవ షటిల్ యాత్రపై, రాత్రివేళ ఎగిరెను. అందులో 2,61,900 తపాలా కవర్లుండెను. ఈసారి రహస్యమేమియు లేదు. అమెరికా తపాలాశాఖయే నాసాతో కలిసి వాటిని పంపి, తిరిగివచ్చిన పిదప ఒక్కొక్కటి 15.35 డాలర్లకు అమ్మెను. అన్నియు అమ్ముడైనచో వచ్చు సొమ్ము 40 లక్షల డాలర్లకు పైమాటయే. పదునొకండు సంవత్సరములకు మునుపు మందలింపునకు కారణమైన పని, ఇప్పుడు ప్రభుత్వపు వ్యాపారమయ్యెను. అపోలో-15 కవర్లను తిరిగియిమ్మని కోరినవారికి ఈ పోలికయే బలమైన వాదమయ్యెను.

ఈ కవర్లలో గమనింపదగిన విశేష మొకటి కలదు. కవరు తయారైననాటికి ప్రయోగమునకు నిర్ణయించిన తేదీ ఆగస్టు 14. అచ్చులో ఆ తేదీయే నిలిచిపోయినది. ప్రయోగము వాయిదా పడెను. నిజముగా ఎగిరిన ఆగస్టు 30వ తేదీని, తిరిగి దిగిన సెప్టెంబరు 5వ తేదీని తరువాత ముద్రలుగా వేసిరి. అచ్చు చెప్పునది అనుకొన్నది. ముద్ర చెప్పునది జరిగినది. ప్రణాళికకును, ప్రయోగమునకును గల భేదమును పిల్లలకు బోధించుటకు ఇంతకన్న మంచి ఉదాహరణము దొరకదు.

ఆ నౌకలో రెండవ బరువొకటి యుండెను. అది మన దేశపు ఇన్సాట్-1బి ఉపగ్రహము. బరువు సుమారు 1,150 కిలోలు. యాత్ర రెండవదినమున దానిని నౌకనుండి విడిచిరి. దానికి ముందు పంపిన ఇన్సాట్-1ఎ 1982లో కొలదినెలలకే నిరుపయోగమై యుండెను. ఇన్సాట్-1బి మాత్రము చక్కగా పనిచేసెను. దానివలన దూరదర్శన్ ప్రసారములు, టెలిఫోను సంబంధములు దేశమున విస్తరించినవి. దానికంటె మనకు ముఖ్యమైనది దానిలోని వాతావరణ పరిశీలన యంత్రము. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినచో దాని మేఘవలయమును భూమికి చిత్రముగా పంపగల కన్ను అది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెననాడు మనకు అట్టి కన్ను లేదు. 1980 దశకములో ఇన్సాట్ ద్వారా తుఫాను హెచ్చరికలను నేరుగా అందుకొను పరికరములను ఆంధ్ర, తమిళ తీరములందు నెలకొల్పిరి.

చాలెంజర్ కవరును కొనినవారిలో ఎందరు దాని ప్రక్కనే ప్రయాణించిన ఈ ఉపగ్రహమును గూర్చి తమ ఆల్బములో వ్రాసికొనిరి? రెండు లక్షల అరువదివేల కవర్లు అంతరిక్షములో ఏ పనియు చేయలేదు, పోయి వచ్చినవి. తిరిగిరాని ఆ ఒక్క ఉపగ్రహము ఏండ్ల తరబడి పనిచేసినది. మన తీరములోని పాఠశాల యందు ఆ కవరు నొకదానిని ప్రదర్శించినచో, దాని క్రింద వ్రాయవలసిన మొదటి వాక్యము ఇన్సాట్-1బిని గూర్చినదై యుండవలెను.

మన బిళ్ళలు చెప్పని సంగతులు

మన అంతరిక్షచరిత్రను బిళ్ళలలో చూడదలచినవారికి కొన్ని ముఖ్యమైనవి గలవు. 1975లో ఆర్యభటకు 25 పైసల బిళ్ళ వెలువడెను. 1981లో ఎస్.ఎల్.వి.-3, రోహిణి ప్రయోగమునకు స్మారకముగా ఒకటియు, 1982లో యాపిల్ ఉపగ్రహమునకు ఒకటియు వచ్చినవి. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో ప్రయాణించిన సందర్భమున 3 రూపాయల బిళ్ళ విడుదలయ్యెను. ఇవి అందమైనవే, సులభముగా దొరకునవే.

అయితే ఒక్కొక్కదాని వెనుక బిళ్ళ చెప్పని సంగతి యొకటి కలదు. ఆర్యభటలో విద్యుచ్ఛక్తి సరఫరా లోపమువలన కొలదిదినములకే శాస్త్రీయ ప్రయోగములు నిలిచిపోయినవి. అయినను ఉపగ్రహమును నిర్మించి నడుపుట మనవారు నేర్చుకొనిరి. శ్రీహరికోటనుండి 1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 విజయవంతముగా రోహిణిని కక్ష్యలో పెట్టెను. దానికి ముందు 1979 ఆగస్టు 10న జరిగిన మొదటి ప్రయోగము విఫలమై రాకెట్టు సముద్రములో పడెను. యాపిల్ ఉపగ్రహపు రెండు సౌరఫలకములలో నొకటి విచ్చుకొననేలేదు. అంతరిక్షమునకు పోకముందు అదే ఉపగ్రహమును, లోహపు ప్రభావము తగులని చోట అంటెన్నా పరీక్ష చేయుటకై, ఎద్దుబండిమీద నిలిపిరి. ఆ ఛాయాచిత్రము నేటికిని ప్రసిద్ధము. బిళ్ళమీద ఉపగ్రహమున్నది, ఎద్దుబండి లేదు.

మంచి సేకరణ యనగా బిళ్ళ ప్రక్కన ఈ లోపములను గూడ వ్రాసియుంచినది. 1979 ఆగస్టు 10 తేదీగల సామాన్యమైన కవరు, ఏ బొమ్మయు లేనిది, ఎవరి ఇంటి పాతపెట్టెలోనైనను దొరకినచో దానిని 1981 బిళ్ళ ప్రక్కన ఉంచవలెను. అపజయమునాటి ముద్రను, విజయమునకు వేసిన బిళ్ళను ప్రక్కప్రక్కన చూచిన విద్యార్థి, విజ్ఞానము ఎట్లు సాగునో ఉపన్యాసము లేకుండగనే గ్రహించును.

మోసమును కనిపెట్టు పద్ధతులు

పిల్లలు చవుకగా కొను పొట్లములలో అంతరిక్ష బిళ్ళలు కొల్లలుగా నుండును. 1960 దశకపు చివరను, 1970 దశకపు మొదటను అజ్మాన్, ఫుజైరా, ఉమ్ అల్ కువైన్ వంటి చిన్న అరబ్బు సంస్థానముల పేరిట అచ్చువేసిన బిళ్ళలు అందులో నెక్కువ. చంద్రయాత్రల బొమ్మలతో అవి మెరయుచుండును. కాని వాటిలో పెక్కు ఆ ఎడారి ఊళ్ళలో ఏ జాబుమీదను అంటింపబడలేదు. సేకరించువారికి అమ్ముటకే అచ్చయినవి. కొన్నిటిమీద ముద్రకూడ అచ్చుయంత్రముననే వేసిరి. దీనిని కనిపెట్టుట సులభము. ముద్రపడిన బిళ్ళ వెనుక జిగురు చెక్కుచెదరక యున్నచో, అది జాబుమీద ప్రయాణింపలేదని తెలియును. బిళ్ళలన్నిటికిని ఒకే మూలన, ఒకే తీరున నాలుగవ వంతు ముద్ర పడియున్నచో అనుమానింపవలెను.

మన దేశపు కవర్లకు మరికొన్ని పరీక్షలు చేయవచ్చును. మొదటిది నాణెముల పరీక్ష. దశాంశ నాణెములు 1957 ఏప్రిల్ 1న వచ్చినవి. 1964 జూన్ 1న "నయా" అను మాట తొలగినది. రెండవది పిన్‌కోడు పరీక్ష. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న ప్రారంభమైనది. చంద్రునిపై మనుష్యుడు దిగిన 1969 నాటి కవరని చెప్పుచు, చిరునామాలో 532 తో గాని, 535 తో గాని మొదలగు ఆరంకెల సంఖ్య యున్నచో ఆ చిరునామా తరువాత వ్రాసినదే యగును. మూడవది జిల్లా పరీక్ష. ఇది మనవారికి మిక్కిలి ఉపయోగపడును. విజయనగరము జిల్లా 1979 జూన్ 1న ఏర్పడినది. అంతకు ముందు పార్వతీపురము, బొబ్బిలి, సాలూరు శ్రీకాకుళము జిల్లాలోనివి. విజయనగరము పట్టణము విశాఖపట్నము జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురము మన్యము జిల్లా వేరుపడినది. ఆర్యభటనాటి కవరుమీద "బొబ్బిలి, విజయనగరము జిల్లా" అని అచ్చయియున్నచో, ఎంత పాతబడిన కాగితమైనను దానిని నమ్మరాదు.

ఈ పరీక్షలలో భౌతికశాస్త్రము లేదు, రసాయనశాస్త్రము లేదు. అయినను ఇది శాస్త్రీయ పద్ధతియే. ఒక వస్తువు తన్ను గూర్చి చెప్పుకొను మాటను, దానికి సంబంధములేని వేరొక ఆధారముతో సరిచూచుట ప్రయోగశాలలోను, ఇచ్చటను ఒక్కటే.

మన ఊరి ముద్రకు గల విలువ

శ్రీకాకుళమునకు, శ్రీహరికోటకు సరళరేఖలో సుమారు 650 కిలోమీటర్ల దూరము కలదు. అందుచేత శ్రీకాకుళమున పడిన ముద్ర ప్రయోగకేంద్రపు ముద్ర కానేరదు. కావలసిన అవసరమును లేదు. అది తన ఊరిని గూర్చి నిజము చెప్పిన చాలును. వర్తకులవద్ద హెచ్చువెలకు కొనిన అనుమానాస్పదమైన "చంద్రుని కవరు" కంటె, తమ ఊరి తపాలా కార్యాలయమున తమ యెదుట ముద్రపడిన కవరు విద్యార్థులకు ఎక్కువ నేర్పును.

ఇందుకు ఒక పద్ధతిని సూచింపవచ్చును. శ్రీహరికోటనుండి ప్రయోగము జరుగు దినమున తరగతివారు రెండు కవర్లు సిద్ధము చేయవలెను. మొదటి కవరులో, ప్రయోగమునకు ముందుగానే, వాహనము పేరు, ఉపగ్రహము పేరు, నిర్ణయించిన సమయము, తాము ఊహించు ఫలితము వ్రాసి పెట్టి పాఠశాల చిరునామాకే తపాలాలో వేయవలెను. రెండవ కవరులో ఫలితము తెలిసిన పిమ్మట జరిగినది జరిగినట్లు వ్రాసి వేయవలెను. ముద్ర స్పష్టముగా పడునట్లు వేయుడని పోస్టుమాస్టరుగారిని కోరవలెను. ఖర్చు కొలది రూపాయలు మాత్రమే.

ఈ రెండు కవర్ల అవసరమేమో చంద్రయాన్-3 ఉదాహరణముతో తేటపడును. అది 2023 ఆగస్టు 23న సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రునిపై దిగెను. ఆనాటి పగటివేళ ముద్రపడిన ఏ కవరును ఆ విజయమును ఎరుగదు. అది ఎరిగినది ఎదురుచూపు మాత్రమే. విజయము నెరిగినది మరునాటి ముద్ర. నాలుగేండ్లకు ముందు, 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2 దింపుడునౌకతో సంబంధము తెగిపోయెను. ముందునాడు ముద్రపడిన కవర్లును ఇట్లే ఎదురుచూచినవి. 6వ తేదీ కవరు ఆశను, 7వ తేదీ కవరు నిరాశను చెప్పును. రెండింటిని పారవేయక దాచుకొన్న సేకరణయే నిజమైనది.

మన జిల్లాలకు మాత్రమే చెందిన మరియొక తరగతి కవర్లను గూడ ఉపాధ్యాయులు వెదకింపవచ్చును. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటెను. ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. కరెంటు లేక గ్రామములు చీకటిలో మునిగినవి. ఆ తుఫాను రాకను ముందుగా చూచి చెప్పినవాటిలో మన ఉపగ్రహములు గలవు. ఆ వారములో పలాస, సోంపేట, మందస ప్రాంతములకు వచ్చిన జాబులు ఇండ్లలో ఎచ్చటనైనను నిలిచియున్నచో వాటిమీద పంపిన తేదీని, చేరిన తేదీని చూడవలెను. వాటిమీద రాకెట్టు బొమ్మ ఉండదు. వాటిని ఏ వర్తకుడును కొనడు. అయినను అంతరిక్షవిజ్ఞానము ఎవరికొరకో, దాని మేలు ఎంతవరకు చేరినదో, ఎక్కడ ఆగినదో విచారించుటకు అవి పనికివచ్చును. హెచ్చరిక ముందుగా వచ్చినను తోటలు నిలువలేదు. హెచ్చరికవలన మనుష్యులు కదలిపోవుటకు వ్యవధి దొరకినది. ఆ భేదమును తరగతిలో చర్చింపవలెను.

స్మారక కవర్లను సేకరించువారిపట్ల ఈ విమర్శకు ద్వేషము లేదు. వారు శ్రద్ధగా దాచియుంచనిచో నౌకలు, ప్రయోగకేంద్రములు, వాయిదాపడిన తేదీలు ఎన్నియో మరుగునపడియుండెడివి. వారిలో నిపుణులైనవారే నకిలీ ముద్రలను బయటపెట్టిరి. కోరునది ఒక్కటే. ఆల్బములో ప్రతి కవరు క్రింద వెల వ్రాయు చోట నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాయుడు: ఈ కవరు ఆనాడు ఎక్కడనుండెను? ముద్ర ఎవరు, ఎప్పుడు వేసిరి? ఆ సంగతి మనకెట్లు తెలియును? ఈ బిళ్ళ చెప్పక విడిచినదేమి? ఈ నాలుగింటికి జవాబు చెప్పగల కవర్లు పదియున్నను ఆ ఆల్బము పాఠశాలలో నుంచదగినది. జవాబు లేనివి వేయియున్నను వాటిని బొమ్మల పుస్తకముగా చూచి సంతోషించుట తప్పు గాదు. చరిత్రయని పిల్లలకు చెప్పుట మాత్రము తగదు.